బ్లేడు గీత

ఫిషింగ్ హార్బరు కాడ పాత ఐసు గోదాములో
నీలం టార్పాలిన్ మీద పరిసినారు ముక్కల్ని.
ఒక్కోదాని పక్కన ఒక్కో అట్ట, అట్ట మీద అంకె.
పెద్దాఫీసరు డిల్లీ మనిసి. ఆయన మాటని
కల్లద్దాల పిల్ల తెలుగు సేసి నాకిస్తంది,
ఉడుకన్నం ఊది పెట్టినట్టు, కొంచెం కొంచెం.

"తవిటమ్మగారూ, ఆ విమానం కడిగింది మీరేనా?"
కడగడం కాదమ్మా, తుడవడం.
తొమ్మిదేల్లు. రాత్రి దిగి తెల్లారి ఎగిరేదానికి
మజ్జిలో నాకు ఇరవై నిమసాలు.
సీట్ల సందున ఏటేటి దొరికేవో నానెరుగుదును:
జంతికల ముక్కలు, ఒంటి సెవిపోగు,
సింహాచలం కుంకం పొట్లం,
ఓపాలి పల్ల సెట్టు, నవ్వుతా.
రెక్కలూ ఇంజన్లూ నాకు తెల్దు.
నాకు తెలిసింది మనుసులు ఒగ్గేసి ఎల్లిన ఇమానం.

ఇరవై ఆరో అట్ట కాడ నిలబెట్టినారు.
అన్నం తినే బల్ల. సీటు ఎనకాల మడిసేది.
సగం నేదు. ఉన్న సగానికి
పడవ అడుగున పట్టే గుల్లలు, గోరంతవి, గుత్తులు గుత్తులు.
ఆటిని కొలిసి ఓ మాస్టారు సెప్పినాడంట,
ఐదు నెల్లు నీల్లలో ఉన్నాదని.
నంబరున్న రేకుని ఉప్పు తినేసింది.
ఏ ఇమానందో సెప్పడానికి అచ్చరం మిగల్నేదు.

మంగమారిపేట ఎర్రోడికి దొరికిందది, వలలో కాదు, ఒడ్డున.
నెల్లాల్లు దానిమీద కవల్లు కోసినాడు.
"గీతలన్నీ నా కత్తివే బాబూ" అంటన్నాడు
దొంగతనం ఒప్పుకున్నోడిలాగ, సేతులు కట్టుకోని.
ఆఫీసరు రాసుకున్నాడు: గీతలు పనికిరావు.

నాను వొంగినాను.
ఎర్రోడి గీతలు అడ్డంగా, కురసగా, లోతుగా.
ఆటి కింద ఒకటుంది. సన్నం. పొడుగు.
సివర్న కొడవలిలాగ తిరిగిపోనాది.

పదిహేడో వరస, కిటికీ పక్క.
ఎవులో గుంటడు బొమ్మ కాయితం అంటించీసినాడు.
ఎంత రుద్దినా రాదు.
రవికెలో బ్లేడు తెచ్చుకున్నాను.
గీకుతుంటే సూపర్‌వైజరు జగ్గారావు "బేగీ!" అని అరిసినాడు.
సెయ్యి తిరిగిపోనాది.
జీతంలో కోసేస్తాడని
మా గుంటడి బూట్ల తెల్లరంగు రాసి కప్పెట్టినాను.
రెండేల్లు, ఎక్కినప్పుడల్లా ముందు అక్కడికే ఎల్లి సూసుకునేదాన్ని.

ఆ తెల్లరంగు ఇప్పుడు నేదు.
నా తప్పుని సముద్రం సుబ్బరంగా కడిగి
నా కాల్ల కాడ పెట్టింది.

నోరు రానేదు.
గేటు అవతల ఎండలో జనం ఉన్నారు,
లేమినేషన్ ఫొటోలు పట్టుకోని, గొడుగులు నేకుండా.
గాజువాక నుంచి వొచ్చిన ఓ పెద్దాయన
నన్ను లోపలికి పంపుతా అన్నాడు,
"కాదని సెప్పమ్మా, నీకు దణ్నం."
ఔనంటే ఆల్లకి ఎదురుసూపు కూడా మిగల్దు.
కాదంటే నా బ్లేడు గట్టెక్కేస్తాది.

"కచ్చితంగానా?" అంది కల్లద్దాల పిల్ల.
"నా సెయ్యే గీసిందమ్మా."
ఆ మాట డిల్లీ బాసలోకి పోకుండా
ఎంతసేపు తెలుగులోనే నిలబడిపోనాదో.

సంతకం పెట్టినాను. త, వి, ట, మ్మ. వొంకర్లు.
అలవాటు సొప్పున కొంగుతో బల్ల తుడవబోయినాను.
"ముట్టుకోవద్దు!" నలుగురూ ఒక్కపాలే.
ఆటో కర్సు నూటెనబై ఇచ్చి, దానికీ సంతకం.

పెద్దాయన గేటు కాడ నన్నేటీ అడగనేదు.
నా మొకం సూసి
ఫొటోని సొక్కా లోపలికి తోసుకున్నాడు.

ఆ రాత్రి మల్లీ డూటీ. యేరే ఇమానం, కొత్తది, మెరుస్తంది.
పదిహేడో వరస బల్ల దింపినాను.
ఎవులో గుంట సీతాకోకసిలకని అంటించింది, ఓ రెక్క ఊడి.
తడిగుడ్డతో దాని సుట్టూ తుడిసినాను.
"బేగీ!" అన్నాడు జగ్గారావు.
అరవనీ.